అయిదు గంటలకు అడ్డా మీద మిగిలినవారు

ప్రభువైన యేసుక్రీస్తు నామంలో మీ అందరికీ వందనాలు. మత్తయి సువార్త 20వ అధ్యాయం తెరిచి ఉంచుకోండి. మొదటి వచనం నుంచి పదహారో వచనం వరకు ఇప్పుడే మన సహోదరి చదివారు. ఒక ద్రాక్షతోట యజమాని పొద్దుటి నుంచి సాయంత్రం అయిదు గంటల వరకు వేర్వేరు వేళల్లో కూలివాళ్లను పెట్టుకుని, చివరికి అందరికీ ఒకే కూలి, ఒక దేనారము, ఇచ్చాడు; ముందు వచ్చినవాళ్లు సణిగారు. పెద్దవాళ్లలో చాలామందికి ఈ ఉపమానం కంఠతా వచ్చు. మన సండేస్కూలు పిల్లలు దీన్ని నాటికగా కూడా వేశారు. అయినా ఈ ఆదివారం దీన్నే తీసుకున్నాను. మొన్ననే మే ఒకటో తారీఖు వెళ్లింది. కూలివాళ్ల గురించి ప్రభువు చెప్పిన ఈ కథను కూలివాళ్ల పక్కన నిలబడి చదవాలని నాకు చాలాకాలంగా ఉంది.

పొద్దున ఆరున్నర, ఏడు గంటల మధ్య కూకట్‌పల్లి వైపు వెళ్లినవాళ్లు అక్కడ కూలి కోసం జనం నిలబడే అడ్డా చూసే ఉంటారు. తాపీ మేస్త్రీలు ఒక పక్క, రంగులు వేసేవాళ్లు ఒక పక్క, మట్టిపని, కాంక్రీటు పని చేసేవాళ్లు ఇంకొక పక్క నిలబడతారు. చీర మీద మగవాళ్ల పాత చొక్కా తొడుక్కున్న ఆడవాళ్లు ఉంటారు. చేతిసంచిలో అన్నం డబ్బా, నీళ్ల సీసా. పాలమూరు నుంచి వచ్చినవాళ్లు, శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చినవాళ్లు, ఒడిశా, బీహారు నుంచి వచ్చినవాళ్లు అందరూ ఆ ఒక్క చోటే. ఒక ట్రాలీ ఆటో ఆగితే చాలు, ఇరవై మంది చుట్టుముడతారు. "ఏం పని? ఎంతమంది కావాలి? ఎంతిస్తారు?" వచ్చిన మనిషి ఒకసారి అందరినీ పైనుంచి కిందికి చూస్తాడు. భుజాలు చూస్తాడు, వయసు చూస్తాడు. "నువ్వు, నువ్వు, నువ్వు" అని వేలు చూపించి ఎక్కించుకుంటాడు. పొద్దెక్కే కొద్దీ రేటు పడిపోతుంది. ఏడింటికి అడిగిన కూలి తొమ్మిదింటికి అడగలేరు. పదిన్నర, పదకొండు దాటితే డబ్బా విప్పకుండానే ఇంటికి తిరిగి వెళ్లడమే.

ఇప్పుడు మూడో వచనం చూడండి. ఆ యజమాని తొమ్మిది గంటలకు వెళ్లి "సంత వీధిలో" నిలిచి ఉన్న మరికొందరిని చూశాడు. సంత వీధి అంటే అడ్డాయే. రెండు వేల సంవత్సరాల కిందట గలిలయలోనూ యూదయలోనూ పొద్దున్నే మనుషులు ఇలాగే నిలబడేవారు. ద్రాక్షకోత అక్కడ ఎండాకాలం చివర వస్తుంది, వెనకే వానలు వస్తాయి. కోత ఆలస్యమైతే పంట పాడవుతుంది. హైదరాబాదు చుట్టుపక్కల ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ ద్రాక్షతోటలు ఉండేవి. ఆ తోటల్లో పనిచేసిన కుటుంబాల వాళ్లు మన సంఘంలోనూ ఉన్నారు, కోత రోజుల్లో ఎంత హడావుడి ఉంటుందో వాళ్లను అడగండి. గుత్తి పండిన తరువాత ఆగదు.

అయితే ఈ యజమాని తీరు కోతకు తొందరపడే రైతు తీరు మాత్రమే కాదు. అతనికి గృహనిర్వాహకుడు ఉన్నాడు, ఎనిమిదో వచనంలో కనిపిస్తాడు. మనుషులను పోగుచేసే పని అతనికి అప్పగించవచ్చు, మన దగ్గర మేస్త్రీకి అప్పగించినట్టు. కానీ తెల్లవారగానే ఒకసారి, తొమ్మిదికి, పన్నెండుకు, మూడుకు, అయిదుకు, మొత్తం అయిదుసార్లు యజమాని స్వయంగా అడ్డాకు వెళ్లాడు. నిర్వాహకుణ్ణి కూలి ఇచ్చే వేళకు మాత్రమే పిలిచాడు. పనికి గంట మిగిలిన సమయంలో ఎవరైనా కూలివాళ్లను వెతుకుతూ బయలుదేరతారా? తోట కోసమైతే ఆ ఆఖరి నడక అక్కరలేదు. అక్కడ ఇంకా ఎవరు మిగిలారో చూడడానికి వెళ్లాడని నేను నమ్ముతున్నాను.

అతడు వాళ్లను అడిగాడు, "ఇక్కడ దినమంతయు మీరెందుకు ఊరకనే నిలిచియున్నారు?" మన తెలుగు చెవికి "ఊరకనే" అనే మాట కొంచెం కటువుగా వినిపిస్తుంది. పనీపాటా లేకుండా కూర్చున్నవాణ్ణి మందలించినట్టు ఉంటుంది. గ్రీకులో అక్కడున్న మాట "ఆర్గోస్", దాని మూలార్థం పని లేనివాడు అని. బద్ధకం అనే అర్థం కూడా ఆ మాటకు ఉంది, కానీ ఇక్కడ వాళ్ల జవాబు ఆ అనుమానాన్ని కొట్టేస్తుంది. "ఎవడును మమ్మును కూలికి పెట్టుకొనలేదు." అంతే. వాళ్లు ఇంకేమీ చెప్పుకోలేదు. పొద్దుటి నుంచి నిలబడ్డారు, నాలుగుసార్లు ఈ యజమానే వచ్చి వెళ్లాడు, ఇంకా ఎంతోమంది వచ్చి ఉంటారు. ప్రతిసారీ వేరెవరి వైపో వేలు తిరిగింది. అడ్డా మీద చివరికి ఎవరు మిగులుతారో మీకు తెలుసు. జుట్టు నెరిసినవాడు మిగులుతాడు. దగ్గుతో బాధపడేవాడు, కాలు కొంచెం ఈడ్చేవాడు, చంకలో బిడ్డ ఉన్న తల్లి మిగులుతారు. పొద్దున్నే బలమైనవాళ్లను ఏరుకుని తీసుకువెళ్లిన తరువాత ఎవరికీ అక్కర్లేనివాళ్లు వీళ్లు. నిలబడి నిలబడి అలసిపోవడం కూడా ఒక శ్రమే. పనిచేసినవాడికి సాయంత్రం కూలి ఉంటుంది, నిలబడినవాడికి అదీ లేదు.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట మన మందిరం పై అంతస్తు స్లాబు వేస్తున్నప్పుడు మనుషులు చాలక నేనే పదకొండు గంటలకు అడ్డాకు వెళ్లాను. భార్యాభర్తలు ఇద్దరు మిగిలి ఉన్నారు, తీసుకొచ్చాను. పని మొదలయ్యేసరికి మధ్యాహ్నం ఒంటిగంట, నాలుగింటికి పెద్ద వాన. పని ఆగిపోయింది. సగం రోజు కూడా చేయలేదు కదా అని సగం కూలి లెక్కకట్టి ఇచ్చాను. ఆమెకు ఇంకా తక్కువ ఇచ్చాను, ఆడకూలి రేటు వేరు కాబట్టి. అతడు నోట్లు లెక్కపెట్టుకుని, "లెక్క సరిగ్గానే ఉంది అయ్యగారూ" అన్నాడు. నాకు మనసు తేలికైంది. నేనెవరికీ అన్యాయం చేయలేదని అనుకున్నాను. ఆమె మాత్రం వెళుతూ ఆగి, "సగం పని దొరికిందని పిల్లలు సగమే తింటారా అయ్యగారూ?" అంది. కోపంగా అనలేదు. నా దగ్గర జవాబు లేదు, గొడుగు పట్టుకుని లోపలికి వచ్చేశాను.

ఎన్నో నెలల తరువాత ప్రసంగానికి సిద్ధపడుతూ పదమూడో వచనం దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. "స్నేహితుడా, నేను నీకు అన్యాయము చేయలేదే." నేను ఆ రోజు మనసులో అనుకున్న మాటే ఇది. కానీ ఈ యజమాని ఆ మాట ఎవరితో అన్నాడు? పూర్తి కూలి చేతిలో పెట్టుకున్నవాడితో అన్నాడు. నేను సగం కూలి ఇచ్చి అదే మాట అనుకున్నాను. మాట ఒకటే, దాని వెనక ఉన్న చెయ్యి వేరు. తరువాత ఆ దంపతుల కోసం అడ్డా మీద చాలాసార్లు వెతికాను, కనిపించలేదు. ఈ సంగతి మీ ముందు చెప్పడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

దేనారము అంటే నాలుగు గ్రాములకు కొంచెం తక్కువ తూగే రోమా వెండి నాణెం. కూలివాడికి ఒక రోజు కూలి అదే. ప్రభువు చెప్పిన మరో కథలో, గాయపడినవాణ్ణి చూసుకోమని మంచి సమరయుడు పూటకూళ్లవాడికి ఇచ్చిన రెండు దేనారములు రెండు రోజుల కూలి. ఆ నాణెం విలువ ఒక కుటుంబం ఒక రోజు బతకడానికి సరిపోయేది, మిగిలేదేమీ ఉండదు. దాన్ని పన్నెండు ముక్కలు చేసి గంటకు ఒక ముక్క ఇస్తే లెక్క కుదురుతుంది, ఇంట్లో పొయ్యి వెలగదు. యజమాని గంటలు లెక్కపెట్టలేదు. ఆ మనిషి వెనక ఉన్న ఇంటిని చూశాడు.

ఇది కొత్త నిబంధనలో కొత్తగా పుట్టిన దయ కాదు. ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయంలో మోషే ధర్మశాస్త్రం కూలివాడి గురించి ఏమి ఆజ్ఞాపించిందో ఇంటికి వెళ్లాక చదవండి. ఏ రోజు కూలి ఆ రోజే ఇవ్వాలి, సూర్యుడు అస్తమించకముందే ఇవ్వాలి, ఎందుకంటే అతడు బీదవాడు, దాని మీదే ఆశ పెట్టుకుని ఉంటాడు. స్వదేశి అయినా పరదేశి అయినా ఒకే నియమం. యాకోబు పత్రిక 5వ అధ్యాయం నాలుగో వచనం ఇంకా భయపెడుతుంది. బిగపట్టిన కూలి తానే మొఱ్ఱపెడుతుందట. కూలివాడు నోరు మూసుకున్నా మన బీరువాలో ఉన్న ఆ డబ్బు అరుస్తుంది. మన ఇళ్లలో అంట్లు తోమే అమ్మ జీతం పదో తారీఖు దాకా ఆపడం, ఆమెకు జ్వరం వచ్చిన రెండు రోజులు కోసుకోవడం మనకు చిన్న విషయాలుగా కనిపిస్తాయి. మనం ఆఫీసులో సెలవు పెట్టి జ్వరం తగ్గించుకుంటాం, జీతం మాత్రం ఒకటో తారీఖుకే ఖాతాలో పడాలి. ఉదయం ఉపవాస ప్రార్థన చేసి మధ్యాహ్నం ఆమెతో వంద రూపాయల దగ్గర గీచి గీచి బేరమాడినవాళ్లు మనలో ఉంటే, దయచేసి ఈ వచనాన్ని దాటిపోవద్దు.

"మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అని ప్రతివారం కలిసి చెబుతాం. నెలజీతం వచ్చేవాళ్లకు ఆ మాటలోని "నేడు" సరిగ్గా తగలదు. 2020 మార్చిలో మనకు కొంచెం తగిలింది. 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి లాక్‌డౌన్. అడ్డాలన్నీ ఖాళీ. ఆకాశాన్ని అంటే భవనాలు కట్టినవాళ్లు ఆ భవనాల పక్కనే రేకుల షెడ్లలో పని లేక, ఊరికి దారి లేక అయిదు వారాలు గడిపారు. దేశంలో మొదటి శ్రామిక్ ప్రత్యేక రైలు మన లింగంపల్లి నుంచే బయలుదేరింది, జార్ఖండ్‌లోని హతియాకు, సుమారు 1,200 మంది కార్మికులతో. ఆ రోజు మే ఒకటో తారీఖు, తెల్లవారుజాము. కార్మిక దినోత్సవం నాడు కార్మికులను నగరం ఇంటికి సాగనంపింది. నాకు ఇప్పటికీ ఆ తారీఖు వస్తే ఆ రైలే గుర్తుకు వస్తుంది. వాళ్ల దగ్గర "నేడు" తప్ప మరేమీ లేదు, ఆ నేడు కూడా చేజారిపోయింది.

మెదక్ వెళ్లినవాళ్లు అక్కడి కెథడ్రల్ చూసి ఉంటారు. 1914లో మొదలుపెట్టి 1924లో పూర్తిచేశారు, ఆ ఏడాది డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే వెస్లియన్ మిషనరీ కట్టించారు. అది కరువు కాలం. ఊరికే తిండి పెట్టకుండా కట్టడం పని ఇచ్చి, పనికి అన్నం పెట్టారు. మా నానమ్మ తల్లి ఆ గుడికి సున్నం మోసిందని మా ఇంట్లో చెప్పుకుంటారు. రాసిపెట్టిన ఆధారం లేదు, ఇంటి మాట. చిన్నప్పుడు నన్ను కొందరు, "మీవాళ్లు అన్నం కోసం మతంలో కలిసినవాళ్లు" అని ఎగతాళి చేసేవారు. అప్పట్లో సిగ్గుపడేవాణ్ణి. ఇప్పుడు సిగ్గు లేదు. ఆకలిగా ఉన్న మనిషి అన్నం పెట్టిన చోటికి వెళ్లాడు, పనిచేసి తిన్నాడు, తిన్న చోట ప్రేమ చూశాడు. ఈ ఉపమానంలో అయిదు గంటలకు తోటలోకి నడిచినవాళ్లు కూడా అన్నం కోసమే నడిచారు. పరలోకరాజ్యం అలా ఉంటుందని ప్రభువే చెప్పాక నాకు ఇంకెవరి సమ్మతీ అక్కరలేదు.

ఇక పొద్దుటి నుంచి పనిచేసినవాళ్ల సంగతికి వద్దాం. నిజానికి ఈ ఉపమానం వాళ్ల కోసమే చెప్పారు. ముందు అధ్యాయం చివర శిష్యుడైన పేతురు ప్రభువును అడిగాడు, మేము సమస్తమూ విడిచి నిన్ను వెంబడించాం, మాకేమి దొరుకుతుంది అని. దానికి జవాబుగా వచ్చిన కథ ఇది. చెల్లింపు వరుస చూడండి. చివర వచ్చినవాళ్లతో మొదలుపెట్టి ఇవ్వమన్నాడు. మొదటివాళ్లకు మొదట ఇచ్చి ఉంటే దేనారము జేబులో వేసుకుని సంతోషంగా ఇంటికి వెళ్లేవాళ్లు, సణుగుడు ఉండేది కాదు. యజమాని కావాలనే వాళ్లను నిలబెట్టి చూడనిచ్చాడు. తమ చేతిలోని నాణెం ఒక్క రవ్వ కూడా తగ్గలేదు. పక్కవాడి చేతిలోనూ అలాంటిదే మెరిసేసరికి తమది చిన్నదైపోయింది.

పదిహేనో వచనంలో మన తెలుగు బైబిలు మాట ఎంత బాగుందో గమనించారా? "నేను మంచివాడనైనందున నీకు కడుపుమంటగా ఉన్నదా?" గ్రీకు మూలంలో ఉన్నది కన్ను గురించి, నీ కన్ను చెడ్డదా అని. ఓర్వలేని చూపును ఆ మనుషులు అలా అనేవారు. మనం కూడా "కళ్లలో నిప్పులు పోసుకున్నాడు" అంటాం. మన అనువాదకులు కంటి నుంచి కడుపుకు దించారు, నాకు అదే సరైన చోటు అనిపిస్తుంది. అవతలివాడి కడుపు నిండితే మన కడుపు మండుతుంది. ఆకలి కథలో ఇంతకన్నా సరిపోయే మాట ఉండదు.

ఈ మంట బయటివాళ్లకే ఉంటుందని అనుకోవద్దు. ముప్పై ఏళ్లుగా గాయకబృందంలో పాడుతున్నవాళ్లు ఉంటారు, కిందటి ఏడాది బాప్తిస్మం తీసుకున్న కుటుంబానికి ముందు వరసలో చోటిస్తే ముఖం మాడుతుంది. తన జీతం పెరిగినప్పుడు స్తోత్రం చెప్పిన తమ్ముడు, తనతో చేరిన స్నేహితుడికి రెండింతలు పెరిగిందని తెలిసి ఆ రాత్రి నిద్రపోడు. జీవితమంతా తాగి, భార్యాబిడ్డలను ఏడిపించిన మనిషి ఆసుపత్రి మంచం మీద చివరి వారంలో ప్రభువును ఒప్పుకున్నాడని నేను సమాధి కార్యక్రమంలో చెబితే, ఒక పెద్దాయన బయటికి వచ్చి నన్ను అడిగారు, "అయితే మేము ఇన్నాళ్లు కట్టుబడి బతికింది ఎందుకు అయ్యగారూ?" నేను ఆయనను తప్పుపట్టను. అది పేతురు అడిగిన ప్రశ్నే. ఆ రోజు ఆయనకు చెప్పలేకపోయిన జవాబు ఈ రోజు చెబుతాను. పొద్దున్నే పనిలోకి వెళ్లినవాడికి ఒక సుఖం ఉంది, దాన్ని మనం లెక్కలో వేసుకోవడం లేదు. అతడు ఆ రోజంతా "రాత్రికి పిల్లలకు ఏం పెట్టాలి" అనే భయం లేకుండా పనిచేశాడు. ఎండ మోశాడు, నిజమే. అడ్డా మీద నిలబడినవాడు అదే ఎండను, దాని మీద ఆ భయాన్ని కూడా మోశాడు. అన్నయ్యా, మీరు ఇన్నాళ్లు తండ్రి తోటలో ఉన్నారు. ఆ మనిషి ఇన్నాళ్లూ బయట ఉన్నాడు. బయట ఉండడం హాయి అని మనం ఎందుకు అనుకుంటున్నాం?

మరొక విషయం, ఇది పూర్తిగా ఆచరణకు సంబంధించింది. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమం కోసం 1996లో ఒక చట్టం వచ్చింది. 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, గడిచిన పన్నెండు నెలల్లో కనీసం 90 రోజులు నిర్మాణపు పని చేసినవాళ్లు సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవచ్చు. అడ్డా మీద నిలబడే చాలామందికి ఆ కార్డు లేదు, కొందరికి అలాంటిది ఉందనే తెలియదు. కాగితాలు నింపడం, కంప్యూటర్ ముందు కూర్చోవడం మన యౌవనస్థులకు పెద్ద పని కాదు. మీలో సాఫ్ట్‌వేరు ఉద్యోగాలు చేసేవాళ్లు శనివారం రెండు గంటలు ఇవ్వండి, మందిరం కింద గదిలో బల్ల వేద్దాం. వచ్చినవాళ్లకు ముందు టీ ఇవ్వండి, తరువాత కాగితాలు అడగండి. బైబిలు పంచాలన్న తొందర వద్దు. వాళ్లు అడిగితే చెప్పండి.

సంఘ కమిటీకి ఒక విన్నపం చేశాను, వాళ్లు ఒప్పుకున్నారు, అందుకే ఇక్కడ చెబుతున్నాను. మందిరం ప్రహరీ గోడ పని రేపు సోమవారం మొదలవుతుంది, మూడు రోజులు ఉంటుంది. మగవాళ్లకూ ఆడవాళ్లకూ ఒకే కూలి. వాన వచ్చి ఆగినా, ఆలస్యంగా చేరినా పూర్తి రోజు కూలి, అదే సాయంత్రం చేతికి. ఇందులో అయ్యే అదనపు ఖర్చుకు నా వంతు నేను వేస్తున్నాను, ఇష్టమైనవాళ్లు వేయవచ్చు, పేర్లు చదవము. మనుషులను తీసుకురావడానికి మేస్త్రీని పంపడం లేదు, నేనే వెళుతున్నాను. ఏడింటికి వెళ్లను, ఆ వేళకు వచ్చినవాళ్లను ఎవరో ఒకరు తీసుకువెళతారు. పదిన్నర దాటాక వెళతాను. ఇద్దరు ముగ్గురు నాతో రాగలిగితే ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర కలవండి. ఇప్పుడు లేచి నిలబడండి, ప్రార్థన చేసుకుందాం.